పరామర్శకి రాని మాజీ ప్రెసిడెంట్: 2021 సెప్టెంబర్ 11న అసలేం జరిగింది

మన ఊళ్ళలో ఒక రూల్ ఉంది, ఎక్కడా రాసి ఉండదు గానీ అందరికీ తెలుసు. పెళ్ళికి పిలిస్తేనే వెళ్ళాలి, చావుకి మాత్రం కబురు తెలిస్తే చాలు, వెళ్ళాలి. గట్టు తగాదా ఉన్నా, రెండేళ్ళుగా మాటల్లేకపోయినా, ఆ పూట వెళ్ళి వాకిట్లో కాసేపు నిలబడి, పెద్దగా ఏం మాట్లాడకుండా వచ్చేస్తారు. వచ్చిన వాళ్ళని ఎవరూ లెక్కపెట్టుకోరు. రానివాడిని మాత్రం పదేళ్ళయినా మర్చిపోరు, "మా నాన్న పోయినప్పుడు గడప తొక్కలేదు వాడు" అని మళ్ళీ ఏదో ఫంక్షన్‌లో తవ్వి తీస్తారు.

అమెరికాలో 9/11 దాడులకి 20 ఏళ్ళు నిండిన రోజున, అంటే 2021 సెప్టెంబర్ 11న, శనివారం, న్యూయార్క్‌లో అచ్చంగా ఇలాంటిదే జరిగింది. ట్విన్ టవర్స్ ఉండిన చోట మెమోరియల్ దగ్గర పొద్దున్నే ఒక వరసలో అప్పటి ప్రెసిడెంట్ బైడెన్, మాజీలు ఒబామా, బిల్ క్లింటన్ భార్యలతో సహా నిలబడ్డారు, బట్టలకి నీలం రిబ్బన్లు, జెండా ఊరేగింపుగా వెళ్తుంటే గుండెల మీద చేతులు. కార్యక్రమం మొదలవ్వకముందు పైనుంచి ఒక విమానం పోయింది, బైడెన్ తల ఎత్తి ఒకసారి అటు చూశాడు, ఆ చోట నిలబడి ఆ తారీఖున విమానం చప్పుడు వింటే ఎవరైనా చూస్తారు. ఆ ఏడు జనవరిలోనే దిగిపోయి అప్పటికి మాజీ అయిన ట్రంప్ ఆ వరసలో లేడు. ఊళ్ళో లేక కాదు, అదే రోజు అదే న్యూయార్క్‌లో ఉన్నాడు, అక్కడికి ఓ నాలుగు మైళ్ళ దూరంలో.

ఇక మొదలైంది. "చూశారా, రాలేదు, అవమానం" అని ఒక గుంపు, "వాళ్ళు ఫోటోలకి నిలబడ్డారు, మా ఆయన పోలీసుల దగ్గరికి, ఫైర్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు" అని ఇంకో గుంపు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా, ముఖ్యంగా న్యూజెర్సీ, డల్లాస్ వైపు వాళ్ళు ఉండే గ్రూపుల్లో, ఇదే లొల్లి. ఎవరి పార్టీ ఏదో దాన్ని బట్టి జవాబు ముందే రెడీగా ఉంటుంది కాబట్టి అసలు ప్రశ్న ఏంటో ఎవరూ చూడరు. ఒక మాజీ ప్రెసిడెంట్ రావాలా వద్దా అనేది ఎవరు డిసైడ్ చేస్తారు, రాకపోతే దానికి అర్థం ఏంటి, అన్ని గైర్హాజరులూ ఒకటేనా, ఇవి విడివిడి ప్రశ్నలు, వీటన్నిటినీ కలిపి ముద్ద చేసేశారు.

చట్టం సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది, ఎందుకంటే చట్టం ఏమీ చెప్పదు. అక్కడ మాజీ ప్రెసిడెంట్ల కోసం 1958లో ఒక చట్టం చేశారు, కేబినెట్ సెక్రటరీ జీతంతో సమానంగా పెన్షన్, ఆఫీసు, స్టాఫ్, ఇవన్నీ దాని కిందే వస్తాయి, బతికున్నంత కాలం సీక్రెట్ సర్వీస్ కాపలా వేరే చట్టం కింద ఉంటుంది. ఇవన్నీ తీసుకుని ఫలానా రోజు ఫలానా చోట హాజరు కావాలి అని ఎక్కడా లేదు. ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసుకోవచ్చు, గోల్ఫ్ ఆడుకోవచ్చు. బుష్ నిజంగానే బొమ్మలు వేస్తూ కూర్చున్నాడు కూడా. కాబట్టి "రావడం ఆయన డ్యూటీ" అన్నవాళ్ళు కాగితం చూపించలేరు, అదంతా ఆనవాయితీ, మన చావు ఇంటి రూల్ లాంటిదే.

మరి ఆ కార్యక్రమం ఎవరిది? ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. 9/11 జ్ఞాపక కార్యక్రమం అంటే ఒకటి అనుకుంటాం గానీ ప్రతి ఏడూ మూడు చోట్ల జరుగుతుంది. న్యూయార్క్‌లో 2,753 మంది పోయారు, వాషింగ్టన్ పక్కన పెంటగాన్ దగ్గర 184 మంది, పెన్సిల్వేనియాలో షాంక్స్‌విల్ అనే చిన్న ఊరి బయట పొలాల్లో పడిపోయిన ఫ్లైట్ 93లో ప్రయాణికులు, సిబ్బంది కలిపి 40 మంది, మొత్తం 2,977. పెంటగాన్ కార్యక్రమం రక్షణ శాఖ వాళ్ళది, షాంక్స్‌విల్ మెమోరియల్ నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది, ఈ రెండూ ప్రభుత్వానివి. న్యూయార్క్‌ది మాత్రం ప్రభుత్వం చేసేది కాదు, ఒక నాన్ ప్రాఫిట్ ఫౌండేషన్ నడుపుతుంది, దాని చైర్మన్ పాత మేయర్ బ్లూమ్‌బర్గ్. అందరూ జాతీయ కార్యక్రమం అనుకునేదానికి అసలు ప్రెసిడెంట్ హోస్ట్ కాదు, ఆయన కూడా అక్కడ పరామర్శకి వచ్చిన మనిషే.

ఆ ఫౌండేషన్ 2012 నుంచి ఒక కఠినమైన పద్ధతి పెట్టుకుంది, రాజకీయ నాయకులు రావచ్చు, నిలబడొచ్చు, మైక్ మాత్రం ఇవ్వరు. అంతకు ముందు ఇచ్చేవాళ్ళు. 2002లో మొదటి ఏడాది న్యూయార్క్ గవర్నర్ లింకన్ పాత ప్రసంగం చదివాడు, న్యూజెర్సీ గవర్నర్ స్వాతంత్ర్య ప్రకటనలోంచి చదివాడు, పేర్లు చదవడం దాడులప్పుడు మేయర్‌గా ఉన్న గియులియానీ మొదలుపెట్టాడు. 2011లో పదేళ్ళప్పుడు ఒబామా బైబిల్లోంచి ఒక కీర్తన చదివితే, బుష్ సివిల్ వార్‌లో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లికి లింకన్ పంపిన ఉత్తరం చదివాడు. వాళ్ళు సొంతంగా రాసుకొచ్చిన స్పీచ్‌లు కూడా కావు, పాతవి చదవడమే, అయినా ఆ మరుసటి ఏడు నుంచి అది కూడా తీసేశారు. ఇప్పుడు అక్కడ గొంతు వినిపించేది చనిపోయిన వాళ్ళ ఇంటి మనుషులది మాత్రమే.

కార్యక్రమం ఎలా జరుగుతుందో కొంచెం దగ్గర నుంచి చెప్పాలి, లేకపోతే రాకపోవడం ఎందుకంత పెద్దదైందో అర్థం కాదు. 8:46కి గంట కొడతారు, నార్త్ టవర్‌కి మొదటి విమానం తగిలిన టైమ్ అది, మనకి సాయంత్రం 6:16. 2001లో ఆ మంగళవారం మన దగ్గర చాలా ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళకి టీవీల్లో ఆ పొగ కనిపించింది. 8:46 తర్వాత 9:03, 9:37, 9:59, 10:03, 10:28, ఇలా ఆరు సార్లు అందరూ ఆగిపోతారు, నాలుగు విమానాలకి నాలుగు, రెండు టవర్లు కూలినందుకు రెండు. ఈ ఆగడాల మధ్యలో పేర్లు చదువుతూనే ఉంటారు, ఇద్దరిద్దరు వచ్చి, అక్షర క్రమంలో కొన్ని పేర్లు చదివి, చివర్లో తమ ఇంట్లో పోయిన మనిషి పేరు చెప్పి ఒక మాట అనుకుంటారు, "నాన్నా, నాకు కూతురు పుట్టింది, నీ పేరే పెట్టాం" లాంటి మాట, గొంతు పూడుకుపోయి పక్కన నిలబడ్డ తెలియని మనిషి భుజం మీద చెయ్యి వేస్తే మళ్ళీ చదువుతారు. మొత్తం 2,983 పేర్లు, ఆ ఎక్కువ ఆరూ 1993లో అదే టవర్ల కింద బాంబు పేలినప్పుడు పోయినవాళ్ళవి. మూడున్నర నాలుగు గంటలు పడుతుంది. 2021లో మధ్యలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ వచ్చి ఒక్క గిటారు, మౌత్ ఆర్గాన్‌తో పాడి వెళ్ళిపోయాడు, అంతే.

రాజకీయం అసలే దూరదు అనుకోకండి. 2019లో తల్లి పేరు చదవడానికి వచ్చిన ఒక కొడుకు ఒక కాంగ్రెస్ సభ్యురాలు అన్న మాటని టీషర్ట్ మీద ప్రింట్ చేయించుకుని వచ్చి మైక్‌లో ఆవిడని గట్టిగా కడిగేశాడు. నాయకులకి మైక్ ఇవ్వరు గానీ ఇంటివాళ్ళ నోటికి తాళం ఎలా వేస్తారు, వెయ్యకూడదు కూడా.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. మైక్ లేదు, స్పీచ్ లేదు, శిలాఫలకం లేదు, రిబ్బన్ కటింగ్ లేదు, అలాంటి చోట నాయకుడు చెయ్యగలిగిన పని ఒక్కటే, నిలబడటం. పక్కవాడు ఎవడైనా సరే, నోరు మూసుకుని, మిగతా జనంలో ఒకడిగా గంటో గంటన్నరో నిలబడటం. మాట్లాడే పని ఉన్న సభకి ఒకడు రాకపోతే "మాట్లాడే టైమ్ కుదర్లేదేమో" అనుకోవచ్చు, నిలబడటమే పని అయిన చోట రాకపోతే ఇక మిగిలింది రాకపోవడమే, దాన్ని జనం ఒక మాటగా తీసుకుంటారు. పిలిచారా లేదా అన్న వాదన నాకు అందుకే చిన్నదిగా కనిపిస్తుంది, చావు ఇంటికి కార్డు వేస్తారా ఎవరైనా.

అలాగని రాని ప్రతివాడినీ ఒకే గాటన కట్టేయకూడదు. ఆ రోజుకి అమెరికాలో బతికున్న మాజీలు ఐదుగురు, కార్టర్, క్లింటన్, బుష్, ఒబామా, ట్రంప్. న్యూయార్క్ వరసలో కనిపించింది ఇద్దరే, అంటే రాని మాజీలు ముగ్గురు, గొడవ మాత్రం ఒక్కడి మీదే. కార్టర్‌కి 96 ఏళ్ళు, జార్జియాలో ప్లెయిన్స్ అనే తన ఊళ్ళోనే ఉండిపోయాడు, అదే ఏడు జనవరిలో బైడెన్ ప్రమాణ స్వీకారానికి కూడా రాలేదు, ఒక్కడు కూడా వేలెత్తి చూపలేదు. మనకీ అంతే కదా, "పెద్దాయన మెట్లు దిగలేడు" అంటే అయిపోయింది. ఆ ప్రమాణ స్వీకారానికి ట్రంప్ కూడా రాలేదు, పదవీకాలం ముగిసి దిగిపోయే ప్రెసిడెంట్ వచ్చేవాడి ప్రమాణానికి కావాలని ఎగ్గొట్టడం 1869లో ఆండ్రూ జాన్సన్ తర్వాత ఇదే మొదలని అప్పుడు అందరూ రాశారు. ఒకే కార్యక్రమం, రెండు ఖాళీ కుర్చీలు, ఒకదాని మీద జాలి, ఒకదాని మీద కోపం.

బుష్ సంగతి ఇంకా చిత్రం. దాడి జరిగినప్పుడు ప్రెసిడెంట్ ఆయనే, మూడో రోజే ఆ శిథిలాల మీద ఎక్కి చేతి మైక్‌లో అరిచింది ఆయనే, అలాంటి మనిషి ఇరవై ఏళ్ళప్పుడు న్యూయార్క్‌లో లేడు. షాంక్స్‌విల్‌లో ఉన్నాడు, వైస్ ప్రెసిడెంట్ కమలా హారిస్‌తో పాటు, అక్కడ మైక్ ఉంటుంది కాబట్టి మాట్లాడాడు కూడా, బయటి తీవ్రవాదులూ దేశం లోపల పుట్టిన హింసావాదులూ ఒకే జాతి అన్నట్టు ఒక మాట అన్నాడు. ట్రంప్ మద్దతుదారులు వాళ్ళ పార్లమెంట్ భవనం కాపిటల్ మీద దాడి చేసి అప్పటికి ఎనిమిది నెలలే, ఎవరిని అన్నాడో అందరికీ అర్థమైంది, ట్రంప్‌కి కూడా అర్థమైంది, తర్వాత ఒక స్టేట్‌మెంట్‌లో బుష్‌ని ఉతికి ఆరేశాడు. సంతాప దినాన వచ్చినవాడు రాజకీయం చెయ్యడు అనుకోవడం కూడా అమాయకత్వమే.

పదేళ్ళు వెనక్కి వెళ్తే ఇదే బుష్ రాని కథ ఒకటుంది, నాకు అన్నిటికంటే అది ఇష్టం. 2011 మేలో బిన్ లాడెన్‌ని చంపేశాక ఒబామా గ్రౌండ్ జీరోకి, అంటే టవర్లు కూలిన చోటికి, వెళ్ళి పూలు పెట్టాలనుకున్నాడు, మీరు కూడా రండి అని బుష్‌ని పిలిచాడు. బుష్ రానన్నాడు. పిలిచినందుకు థాంక్స్, నేను దిగిపోయాక వెలుగులో ఉండకూడదనుకున్నాను అని మనుషుల చేత చెప్పించాడు. దాన్ని అవమానం అన్నవాళ్ళు దాదాపు లేరు. ఎందుకు? వస్తే ఆయనకే లాభం, గెలుపు రోజది, మొదలుపెట్టిన పని తీరిన రోజు, టీవీలన్నీ అక్కడే, అయినా తప్పుకున్నాడు. వస్తే నష్టం అనిపించినప్పుడు రాకపోవడం వేరు, వస్తే లాభం ఉన్నప్పుడు రాకపోవడం వేరు. సెప్టెంబర్‌లో పదేళ్ళ కార్యక్రమానికి మాత్రం వచ్చి ఒబామా పక్కనే నిలబడ్డాడు, అది గెలుపు కాదు, దినం.

సిట్టింగ్ ప్రెసిడెంట్‌కి కూడా ఈ తిప్పలు తప్పలేదు. 2023లో బైడెన్ ఢిల్లీలో జీ20 చూసుకుని, అక్కణ్ణుంచి హనోయి వెళ్ళి, తిరుగు దారిలో సెప్టెంబర్ 11న అలాస్కాలో ఆంకరేజ్ దగ్గర మిలిటరీ బేస్‌లో దిగి అక్కడే సైనికుల ముందు మాట్లాడాడు. మామూలుగా ప్రెసిడెంట్ ఆ రోజు మూడు చోట్లలో ఏదో ఒక దగ్గరో, కాకపోతే వైట్ హౌస్ లాన్‌లోనో కనిపిస్తాడు, ఈయన తిరుగు దారిలో ఎక్కడో మంచు ఊళ్ళో కానిచ్చేశాడని రిపబ్లికన్లు ఏకిపారేశారు. 2021లో ట్రంప్‌ని తిట్టినవాళ్ళలో ఎంతమంది 2023లో బైడెన్‌ని తిట్టారో, అటువాళ్ళు ఇటు ఎంతమంది తిట్టారో, ఎవరికి వాళ్ళు గుండె మీద చెయ్యేసుకుంటే తెలుస్తుంది.

ఇంకో సంగతి, ట్రంప్ ప్రెసిడెంట్‌గా ఉన్న నాలుగేళ్ళలో కూడా ఈ తారీఖున గ్రౌండ్ జీరోకి రాలేదు, 2017, 2019లో పెంటగాన్, 2018, 2020లో షాంక్స్‌విల్. అందులో తప్పేం లేదు, ఒబామా కూడా ఎక్కువ ఏళ్ళు పెంటగాన్‌కే వెళ్ళాడు. మాజీలైతే మామూలు ఏడాదుల్లో న్యూయార్క్ కార్యక్రమానికి వరస కట్టి రారు. 2021లో 20 అనే గుండ్రటి అంకె వచ్చింది కాబట్టి, పాతవాళ్ళు ఒక్క చోట చేరారు కాబట్టి, ఆ ఫ్రేమ్‌లో ఒక ఖాళీ కనిపించింది. 21వ ఏడు అదే ఖాళీని ఎవరూ వెతకరు.

సరే, మరి ఆయన ఆ రోజు ఏం చేశాడు? ముందు ఒక వీడియో వదిలాడు, ఇది దుఃఖ దినం అని మొదలుపెట్టి, అఫ్ఘానిస్తాన్ యుద్ధం ముగిసిన తీరు కూడా దుఃఖమే అంటూ బైడెన్ మీదకి వెళ్ళాడు. తర్వాత మిడ్‌టౌన్‌లో ట్రంప్ టవర్‌కి కూతవేటు దూరంలో ఉన్న 17వ ప్రిసింక్ట్ పోలీస్ స్టేషన్‌కి, దాని పక్కనే ఉన్న ఫైర్ స్టేషన్‌కి వెళ్ళాడు. నిజం చెప్పాలంటే ఈ భాగం తప్పు పట్టడానికి లేదు, ఆ రోజు న్యూయార్క్‌లో పోయినవాళ్ళలో 343 మంది ఫైర్ సిబ్బంది, 23 మంది సిటీ పోలీసులు, ఫైర్ స్టేషన్‌కి వెళ్ళడం కూడా పరామర్శే. ఒబామా కూడా 2011 మేలో పూలు పెట్టిన రోజే ఒక ఫైర్ స్టేషన్‌కీ ఒక పోలీస్ స్టేషన్‌కీ వెళ్ళాడు. తేడా ఎక్కడంటే, అక్కడ 2024లో మళ్ళీ నిలబడతారా అని అడిగితే ట్రంప్ నవ్వుతూ, ఏం చెయ్యాలో నాకు తెలుసు, మీరు సంతోషిస్తారు అన్నట్టు ఊరించాడు, బైడెన్‌నీ అఫ్ఘాన్ సంగతినీ మళ్ళీ ఎత్తాడు. మైక్ ఇవ్వని చోటికి వెళ్ళకుండా మైక్ దొరికే చోటికి వెళ్ళాడన్నమాట. నన్నడిగితే ఆ రోజు మొత్తానికీ తాళం చెవి ఇదే.

సాయంత్రానికి ఫ్లోరిడా. హాలీవుడ్ అనే ఊళ్ళో, కాలిఫోర్నియాది కాదు, ఫ్లోరిడాలోదే, హార్డ్ రాక్ కేసినోలో బాక్సింగ్ మ్యాచ్, దానికి కొడుకుతో కలిసి కామెంటరీ. ఆడింది ఇవాండర్ హోలీఫీల్డ్, 58 ఏళ్ళ పెద్దమనిషి, ఆడాల్సిన డి లా హోయా అనే బాక్సర్‌కి కోవిడ్ వస్తే ఆ ప్లేస్‌లో ఈయన్ని దించారు, కాలిఫోర్నియా వాళ్ళు ఈ వయసులో ఒప్పుకోమంటే మ్యాచ్‌నే ఫ్లోరిడాకి మార్చారు. మొదటి రౌండ్ కూడా పూర్తవ్వకుండానే పడిపోయాడు పాపం. న్యూయార్క్ ఆకాశంలోకి 88 సెర్చ్ లైట్లతో రెండు నీలం వెలుగు స్తంభాలు లేచే రాత్రి అది, అవి చాలా మైళ్ళ దూరం కనిపిస్తాయి. పగలు ఫైర్ స్టేషన్‌కి వెళ్ళిన పుణ్యం కాస్తా ఈ కామెంటరీతో పోయింది, ఆయన్ని ఇష్టపడే వాళ్ళు కూడా దీన్ని సమర్థించడానికి నీళ్ళు నమిలారు. మన దగ్గర దినం రోజు సాయంత్రం కోడి పందేల బరిలో కనిపిస్తే ఏమంటారో అదే.

ఇటువైపు వాళ్ళకీ చేతులు మరీ శుభ్రంగా లేవు, అది కూడా చెప్పాలి. అఫ్ఘానిస్తాన్ నుంచి బయటపడే ఒప్పందం దోహాలో 2020 ఫిబ్రవరిలో చేసింది ట్రంప్ ప్రభుత్వం, నిజమే. కానీ 2021 ఏప్రిల్‌లో బైడెన్ స్వయంగా పెట్టిన గడువు చూడండి, సెప్టెంబర్ 11 కల్లా సైన్యం అంతా వచ్చేస్తుంది అన్నాడు. తారీఖులు 365 ఉంటే అదే ఎందుకు? ఇరవయ్యో సంవత్సరీకం నాడు "యుద్ధం ముగించాను" అని నిలబడొచ్చని లెక్క, తర్వాత గడువుని ఆగస్టు 31కి మార్చారు, ఈలోపు ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్‌లోకి వచ్చేశారు, 26న ఎయిర్‌పోర్ట్ దగ్గర బాంబు పేలి 13 మంది అమెరికా సైనికులు పోయారు. ఆ వేడి తగ్గకుండానే వచ్చింది సెప్టెంబర్ 11. కాబట్టి చచ్చిపోయిన వాళ్ళ తారీఖుని వాడుకోవాలని చూసింది ట్రంప్ ఒక్కడే అంటే నేను ఒప్పుకోను.

ఇంకా ముఖ్యమైనది, న్యూస్‌లో పెద్దగా నలగలేదు గానీ, ఆ ఆగస్టులోనే చనిపోయిన వాళ్ళ కుటుంబాలు, బతికి బయటపడ్డ వాళ్ళు, రెస్క్యూకి వెళ్ళినవాళ్ళు కలిపి దాదాపు 1,800 మంది బైడెన్‌కి ఒక లెటర్ రాశారు. దాడిలో సౌదీ వాళ్ళ పాత్ర గురించి ప్రభుత్వం దాచిపెట్టిన కాగితాలు బయట పెడతారా లేదా, పెట్టకపోతే ఈసారి మెమోరియల్ కార్యక్రమాలకి మీరు రావద్దు అని. ఒక సిట్టింగ్ ప్రెసిడెంట్‌కి గుమ్మంలోకి రావద్దని చెప్పారు. సెప్టెంబర్ 3న ఆయన ఆ కాగితాల రహస్యం తీసెయ్యమని ఆర్డర్ మీద సంతకం పెట్టాడు, 11 రాత్రికి ఎఫ్‌బీఐ మొదటి డాక్యుమెంట్ వదిలింది, 16 పేజీలు. ఎవరు రావాలి, ఎవరు రాకూడదు అని చెప్పే హక్కు ఎవరిదో అక్కడ తేలిపోయింది, టీవీలో కూర్చున్న మనది కాదు, పార్టీలది కాదు, చావు ఇంటివాళ్ళది. వాళ్ళకి 20 ఏళ్ళుగా కావాల్సింది ఏ మాజీ ఏ వరసలో నిలబడ్డాడన్నది కాదు, ఆ కాగితాలు.

2024 సెప్టెంబర్ 11కి వస్తే బొమ్మ మొత్తం తిరగబడింది. ముందురోజు రాత్రే ఫిలడెల్ఫియాలో హారిస్, ట్రంప్ డిబేట్‌లో ఒకళ్ళనొకళ్ళు చీల్చుకున్నారు, పొద్దున్నే ఇద్దరూ గ్రౌండ్ జీరోలో, మధ్యలో బ్లూమ్‌బర్గ్, ఒక పక్క బైడెన్, ఒక పక్క ట్రంప్, చేతులు కూడా కలిపారు. అప్పటికీ ట్రంప్ మాజీయే, 2021లో ఏ హోదానో 2024లోనూ అదే హోదా, అదే చోటు, అదే గంట. మారింది ఏంటంటే ఎన్నిక. కేండిడేట్ అయితే రావాల్సిందే, 2008లో ఒబామా, మెక్‌కెయిన్ కలిసి వచ్చారు, 2016లో ట్రంప్ వచ్చాడు, హిల్లరీ కూడా వచ్చి ఒంట్లో బాగోక మధ్యలో వెళ్ళిపోతే ఆ నడవలేని వీడియో మీద వారం రోజులు చర్చ నడిచింది. ఓట్లు అడిగే ఏడాది వచ్చినవాడికి దుఃఖం ఉన్నట్టూ కాదు, అడగని ఏడాది రానివాడికి లేనట్టూ కాదు. మనిషి లోపల ఏముందో హాజరు పట్టీలో తెలియదు. 2021లో ఆయన నిజంగా ఎందుకు రాలేదంటే నా లెక్క ఇది: ఆ వరసలో నిలబడితే తను ముగ్గురు మాజీల్లో ఒకడు, పక్కన ఉన్నది తను ఓడిపోలేదని చెప్పుకుంటున్న ఎన్నికలో గెలిచిన మనిషి. నోరు మూసుకుని ఆయన పక్కన నిలబడటం అంటే ఓటమి ఒప్పుకున్నట్టు ఫోటో దిగడమే.

ఆ మెమోరియల్‌కి డిజైనర్లు పెట్టిన పేరు రిఫ్లెక్టింగ్ ఆబ్సెన్స్, అంటే లేకపోవడమే అక్కడి విగ్రహం. నేను జెర్సీ సిటీలో ఉన్నప్పుడు ఒకసారి మామూలు వర్కింగ్ డే నాడు పాత్ ట్రైన్ దిగి లంచ్ టైమ్‌లో అటు వెళ్ళాను, టవర్లు ఉండిన చోట్ల రెండు పెద్ద గుంటలు, ఒక్కోటి దాదాపు ఎకరం, నాలుగు వైపులా నీళ్ళు కిందకి పడుతూ, మధ్యలో ఇంకో గుంట, దాని అడుగు కనిపించదు. చుట్టూ నడుము ఎత్తులో కంచు పలకలు, అక్షరాలని చెక్కి అటువైపుకి తొలిచేశారు, వేలు పెడితే పేరులోకి దిగుతుంది. కార్యక్రమంలో పేర్లు అక్షర క్రమంలో చదువుతారు గానీ పలకల మీద అలా ఉండవు, కలిసి పనిచేసినవాళ్ళు, ఒకే విమానంలో ఉన్నవాళ్ళు, ఇంటివాళ్ళు అడిగితే స్నేహితులు పక్కపక్కన. వెతకకుండానే ఒక తెలుగు ఇంటిపేరు దొరికింది నాకు, అక్కడ మన పేర్లు కూడా ఉన్నాయి. ఇంకో పేరులో ఒక తెల్ల గులాబీ గుచ్చి ఉంది, ఏంటని అడిగితే అక్కడి మనిషి చెప్పాడు, ఆ రోజు వాళ్ళ పుట్టినరోజైతే మెమోరియల్ వాళ్ళే పెడతారట. పక్కనే ఒక పిల్లాడు నీళ్ళలోకి చిల్లర వెయ్యబోతుంటే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లాగేసింది.

2021లో వచ్చిన పెద్దవాళ్ళు కూడా చివరిదాకా ఉండలేదు లెండి. బైడెన్ షాంక్స్‌విల్‌కీ అక్కణ్ణుంచి పెంటగాన్‌కీ వెళ్ళాలి, మూడూ ఒక్క రోజులో తిరగాలని పెట్టుకున్నాడు, పేర్లు చదవడం ఇంకా నడుస్తుండగానే కాన్వాయ్ కదిలింది. కెమెరాలు కూడా చాలావరకు వాళ్ళ వెనకే వెళ్ళిపోయాయి. మధ్యాహ్నం అవుతుండగా ఇద్దరు మనుషులు స్టేజీ మీదకి వచ్చి, జెడ్ అక్షరం ఇంటిపేర్లు ఒక్కొక్కటే, తొందరపడకుండా చదివారు.